చచ్చిన రూటర్‌కు ప్రాణం పోసిన మూడు తీగలు

‘యూఏఆర్‌టీ అంటే ఏంటి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మీరేం చెబుతారు? ‘యూనివర్సల్ ఎసింక్రనస్ రిసీవర్ ట్రాన్స్‌మిటర్’ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. నేనూ అలాగే చెప్పాను. 2019లో ఈసీఈ పూర్తయిన కొత్తలో, హైదరాబాద్‌లోని ఒక చిన్న ఎంబెడెడ్ కంపెనీలో ఆఫ్ క్యాంపస్ ఇంటర్వ్యూ అది. ఎదురుగా కూర్చున్నాయన తలూపి, ‘మరి ఇందులో క్లాక్ తీగ ఉండదుగా, అవతలి చిప్‌కు బిట్ ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన రెజ్యూమెలో ఇంకాస్త కిందికి వెళ్లారు. బ్లూటూత్‌తో ఇంట్లో లైట్లు వెలిగించే ప్రాజెక్టు. నలుగురం తలా కొంత వేసుకుని ప్రాజెక్ట్ సెంటర్‌లో కొన్నది. ‘ఈ మాడ్యూల్ ఆర్‌ఎక్స్ పిన్ దగ్గర రెండు రెసిస్టర్లు ఉన్నాయి, ఎందుకు పెట్టారు?’ అని అడిగారు. పెట్టింది మేమైతే కదా చెప్పడానికి! ‘ప్రొటెక్షన్ కోసం సర్’ అన్నాను. ‘దేని నుంచి?’ అన్నారు. ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయింది. పట్టుమని పది నిమిషాలు కూడా కాలేదు.

ఆ రెండు ప్రశ్నలకూ జవాబు రెండు నెలల తర్వాత దొరికింది. చెప్పింది లెక్చరర్ కాదు, పుస్తకం కాదు. నేనే చంపేసిన ఒక రూటర్.

బావ నెట్ సెంటర్‌లో

ఉద్యోగం లేదు, రూమ్ అద్దె కట్టే దారి లేదు. తణుకులో అక్కా వాళ్లింటికి వెళ్లాను. బావకు ఆరు కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఒక కుర్రాడు మూలన కూర్చుని వీడియో పెట్టాడంటే మిగతా ఐదింట్లో పేజీ తెరుచుకునేది కాదు. ‘ఇంజినీరింగ్ చదివావుగా, ఏదైనా చెయ్యరాదూ’ అన్నాడు బావ. అలా మొదలైంది.

రూటర్ అంటే ఒక చిన్న కంప్యూటరే. దాంట్లో నడిచేది చాలావరకు లినక్స్. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఏ కంప్యూటర్‌కు ఎంత స్పీడ్ వెళ్లాలో మనమే పంచుకోవచ్చు. దీని పుట్టుక కూడా మీరు తెలుసుకోదగ్గదే. లింక్‌సిస్ కంపెనీ 2002 చివర్లో డబ్ల్యుఆర్‌టీ 54జీ అనే రూటర్‌ను తెచ్చింది. లోపల లినక్స్ ఉందని కొందరు ప్రోగ్రామర్లు కనిపెట్టారు. లినక్స్ లైసెన్సు ప్రకారం, దాన్ని వాడి పరికరం అమ్మేవాళ్లు అందులోని ఆ కోడ్‌ను అడిగినవారికి ఇవ్వాలి. ఒత్తిడి పెరిగి 2003లో ఆ కోడ్ బయటికి వచ్చింది. దాని ఆధారంగా 2004లో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ మొదలైంది. పేరు చివర ఉన్న ఆ మూడక్షరాలు ఆ రూటర్‌వే.

మొదటిసారి ఎక్కించినప్పుడు అంతా సవ్యంగా జరిగింది. ఆరు కంప్యూటర్లకూ నెట్ సమానంగా అందింది. బావ వచ్చినవాళ్లందరికీ ‘మా బామ్మర్ది చేశాడు’ అని చెప్పుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. మూడో రోజు రాత్రి కొత్త వెర్షన్ కనిపించింది. డౌన్‌లోడ్ చేసి అప్‌గ్రేడ్ కొట్టాను. ‘ఈ ఫైలు ఈ పరికరానికి సరిపోదు’ అని హెచ్చరిక వచ్చింది. ఏదో మామూలుగా వచ్చే మెసేజ్ అనుకుని ‘ఫోర్స్’ ఇచ్చేశాను.

రూటర్ అడుగున ఉన్న స్టిక్కర్ మీద మోడల్ నంబర్ పక్కనే చిన్న అక్షరాల్లో ‘వెర్షన్ 4’ అని ఉంది. నేను దింపింది వెర్షన్ 2 ఫైలు. పేరూ డబ్బా ఒకటే, లోపలి చిప్పే వేరు. పవర్ లైటు మాత్రం వెలుగుతోంది. పింగ్‌కు పలకదు, వైఫై లేదు, రీసెట్ బటన్ ఎంతసేపు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మర్నాడు ఎంసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకు ఆఖరి రోజు. పొద్దున 8 గంటలకే షట్టర్ ముందు పిల్లలూ తల్లిదండ్రులూ నిలబడ్డారు. పక్క జిరాక్స్ షాపాయన తన పాత రూటర్ ఇచ్చి ఆ పూట గండం గట్టెక్కించాడు.

బావ తిట్టలేదు. ‘బాగున్నదాన్ని బాగుచేశావా బామ్మర్దీ’ అన్నాడు అంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

అసలు అది చావలేదు

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. ఆ రూటర్‌లో 4 ఎంబీ ఫ్లాష్ చిప్ ఉంది. అందులో మొదటి 128 కేబీలో యూ-బూట్ అనే బూట్‌లోడర్ ఉంటుంది. కరెంటు ఇవ్వగానే ముందు లేచేది అదే. ర్యామ్‌ను సిద్ధం చేసి, ఫ్లాష్‌లో తర్వాతి భాగంలో ఉన్న లినక్స్‌ను లేపి, దానికి పగ్గాలు అప్పగిస్తుంది. నేను పాడుచేసింది ఆ తర్వాతి భాగాన్ని. యూ-బూట్ నిక్షేపంగా ఉంది. ప్రతిసారీ లేచి, లినక్స్ కోసం చూసి, దొరికినదాన్ని నడపలేక చతికిలపడుతోంది. పైగా ఏం జరుగుతోందో వరుసగా చెబుతూనే ఉంది. ఆ మాటలు వచ్చేది సీరియల్ పోర్టులోంచి. బోర్డు మీద నాలుగు చిన్న రంధ్రాల రూపంలో ఉంటుంది. ఫ్యాక్టరీలో పరీక్షల కోసం పెట్టి, డబ్బా మూసేసి పంపిస్తారు.

అంటే నాకు కావాల్సింది ఆ నాలుగు రంధ్రాల నుంచి ల్యాప్‌టాప్ యూఎస్‌బీ వరకు ఒక కేబుల్.

మొదట గుర్తొచ్చింది కాలేజీ ల్యాబ్‌లో చూసిన 9 పిన్నుల సీరియల్ కేబుల్. ‘సీరియల్ అంటే సీరియలే కదా’ అనుకున్నాను. అది తగిలించి ఉంటే రూటర్ నిజంగానే పోయేది. ఆ కేబుల్ ఆర్‌ఎస్-232 ప్రమాణానికి చెందింది, 1960 నాటిది. దాంట్లో వోల్టేజి ప్లస్ 15 నుంచి మైనస్ 15 దాకా ఊగొచ్చు. రూటర్ చిప్ తట్టుకునేది 3.3 వోల్టులు. మాట్లాడే పద్ధతి రెండింటికీ ఒకటే, గొంతు స్థాయే వేరు.

కావాల్సింది యూఎస్‌బీ-టీటీఎల్ మాడ్యూల్. బొటనవేలంత బోర్డు. సీపీ2102, సీహెచ్340, ఎఫ్‌టీ232 అనే చిప్‌లతో దొరుకుతాయి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ తెలుసు కదా, అక్కడ ఫ్రెండ్ చేత 120 రూపాయలకు సీహెచ్340 మాడ్యూల్ కొనిపించి రాత్రి బస్సులో వస్తున్న ఇంకొక ఫ్రెండ్‌తో తెప్పించాను. సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ తణుకులోనే టీవీ రిపేర్ షాపు ఆయన దగ్గర అరువు తెచ్చాను. ఆయన నన్ను నమ్మక, ‘ఇక్కడే కూర్చుని చేసుకో’ అన్నారు. ఒక రకంగా అదే మేలైంది.

కేబుల్ కట్టేది ఇలా

మాడ్యూల్ మీద 3.3 వోల్టులు, 5 వోల్టులు అని రెండు గుర్తుల మధ్య ఒక జంపర్ ఉంటుంది. నా దానికి అది 5 దగ్గర పెట్టి ఉంది. దాన్ని 3.3 వైపు మార్చాలి. మార్చామని నమ్మేయకండి, కొలవండి. సీరియల్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు ‘హై’లో ఉంటుంది. కాబట్టి మాడ్యూల్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టి, టీఎక్స్ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే అది ఏ వోల్టేజితో మాట్లాడబోతోందో కనిపిస్తుంది. 3.3 దరిదాపుల్లో ఉంటే సరే. 5 చూపిస్తే అక్కడే ఆగండి.

5 వోల్టుల మాడ్యూలే దిక్కయితే? రెండు రెసిస్టర్లు చాలు. టీఎక్స్ నుంచి 1 కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్. రెండూ కలిసే చోట నుంచి తీగ తీస్తే అక్కడ 5లో మూడింట రెండు వంతులు, అంటే 3.33 వోల్టులు వస్తాయి. ఇది రాసుకుంటున్నప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. మా ప్రాజెక్టులో బ్లూటూత్ మాడ్యూల్ ఆర్‌ఎక్స్ దగ్గర ఉన్న ఆ రెండు రెసిస్టర్లు ఇవే! ఆర్డ్యునో ఇచ్చే 5 వోల్టులను 3.3కు దించడానికి పెట్టినవి. ఏడాది పాటు ఆ బోర్డు నా హాస్టల్ బల్ల మీదే ఉంది.

ఆర్డ్యునో అంటే గుర్తొచ్చింది. మీ దగ్గర ఆర్డ్యునో ఊనో ఉంటే మాడ్యూల్ కొనే పని కూడా లేదు. దాని రీసెట్ పిన్‌ను గ్రౌండ్‌కు కలిపేస్తే అసలు చిప్ నిద్రపోతుంది, యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే భాగం మాత్రం పనిచేస్తుంది. రెండు జాగ్రత్తలు. ఒకటి, అది 5 వోల్టులది, పైన చెప్పిన రెసిస్టర్లు తప్పనిసరి. రెండు, దాని మీద టీఎక్స్, ఆర్‌ఎక్స్ అనే పేర్లు నిద్రపోతున్న చిప్ వైపు నుంచి రాసినవి. అందుకే ఇక్కడ తీగలు తారుమారు చేయకూడదు. రూటర్ టీఎక్స్‌ను ఊనో టీఎక్స్ పిన్‌కే కలపాలి. రెసిస్టర్లు రావాల్సింది ఊనో ఆర్‌ఎక్స్ పిన్ నుంచి రూటర్ ఆర్‌ఎక్స్‌కు వెళ్లే తీగ మీద.

కేబుల్‌కు తీగ కోసం వెతుక్కోవద్దు. పాత ఈథర్నెట్ కేబుల్ ముక్క ఒక అర మీటరు కోయండి, లోపల ఎనిమిది రంగుల తీగలు. మూడే కావాలి. ఒక చివర మాడ్యూల్ పిన్నులకు, రెండో చివర ఆడ కనెక్టర్‌కు సోల్డర్ చేసి, ప్రతి అతుకు మీదా స్లీవ్ తొడిగి వేడి చేయండి. స్లీవ్‌ను సోల్డర్ చేయకముందే తీగలోకి ఎక్కించుకోవాలి. నేను మొదటి రెండింటికీ మర్చిపోయి ఊడదీసి మళ్లీ చేశాను. షాపాయన చూస్తూ నవ్వారు గానీ ఏమీ అనలేదు. ఏ రంగు దేనికో కాగితం ముక్క మీద రాసి కేబుల్‌కు టేపుతో అంటించండి. మర్నాటికి గుర్తుండదు.

కట్టడం అయ్యాక రూటర్ దగ్గరికి పరిగెత్తొద్దు. ముందు కేబుల్ చివర టీఎక్స్, ఆర్‌ఎక్స్ రెండింటినీ ఒకదానికొకటి తాకించి ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి ఏదైనా టైపు చేయండి. కొట్టిన అక్షరం తిరిగి తెరమీద కనబడితే కేబుల్ బాగున్నట్టు. విడదీయగానే కనబడటం ఆగిపోవాలి. ఈ అర నిమిషం పరీక్ష చేయకుండా రాత్రంతా రూటర్‌ను అనుమానించినవాళ్లు నాకు తెలుసు.

నాలుగు రంధ్రాల్లో ఏది ఏది?

బోర్డు మీద పేర్లు రాసి ఉంటే అదృష్టం. నా దాని మీద లేవు. రూటర్ ఆఫ్‌లో ఉండగా మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, ఒక మొనను పవర్ సాకెట్ గ్రౌండ్‌కు ఆనించి, రెండోదాన్ని ఒక్కొక్క రంధ్రానికీ తాకించాలి. బీప్ అన్నది గ్రౌండ్. తర్వాత వోల్టుల మోడ్‌కు మార్చి రూటర్ ఆన్ చేయాలి. కదలకుండా 3.3 చూపించేది విద్యుత్ సరఫరా పిన్. ఆన్ చేసిన మొదటి కొన్ని సెకన్లు అంకెలు కిందా మీదా పడి, తర్వాత 3.3 దగ్గర కుదురుకునేది టీఎక్స్. అంటే అది మాట్లాడుతోంది, మీటర్‌కు వినబడుతోంది, అర్థం కావడంలేదంతే. మిగిలింది ఆర్‌ఎక్స్.

ఇప్పుడు కలపడం. గ్రౌండ్‌కు గ్రౌండ్. రూటర్ టీఎక్స్‌ను మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు, రూటర్ ఆర్‌ఎక్స్‌ను మాడ్యూల్ టీఎక్స్‌కు. ఒకరు మాట్లాడింది ఇంకొకరు వినాలిగా. నాలుగోది, విద్యుత్ పిన్, వదిలేయండి. రూటర్‌కు తన అడాప్టర్ ఉంది, మీ యూఎస్‌బీ కూడా తోస్తే రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. మూడు తీగలే, నాలుగు కాదు.

ఒక ముఖ్యమైన మాట. అడాప్టర్ బయట ఉండి, లోపలికి 9 లేదా 12 వోల్టులు మాత్రమే వచ్చే పరికరాలనే విప్పండి. సెట్ టాప్ బాక్స్ లాంటి కొన్నింట్లో 230 వోల్టుల కరెంటు నేరుగా లోపలి బోర్డు దాకా వస్తుంది. అలాంటివి నేర్చుకునేటప్పుడు ముట్టుకోవద్దు. అలాగే నెట్ కంపెనీవాళ్లు ఇచ్చిన రూటర్ చాలాసార్లు వాళ్ల సొత్తే, మీది కాదు. పాతసామాన్ల కొట్లో కొన్న సొంత రూటర్ దీనికి మేలు.

ఆ ఒక్క సెకను

టెర్మినల్‌లో వేగం 1,15,200 బాడ్. 8 డేటా బిట్లు, ప్యారిటీ లేదు, 1 స్టాప్ బిట్. రూటర్లలో చాలావాటికి ఇదే. తెర మీద పిచ్చి గుర్తులు వస్తే ముందు వేగం తప్పేమో చూడండి, 57,600, 38,400, 9,600 ప్రయత్నించండి. గ్రౌండ్ తీగ సరిగా అతక్కపోయినా అలాగే ఉంటుంది. కొన్ని బోర్డుల్లో టీఎక్స్‌కూ 3.3 వోల్టుల పిన్‌కూ మధ్య 10 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే గానీ అక్షరాలు శుభ్రంగా రావు.

నేను స్విచ్ వేశాను. ‘యూ-బూట్ 1.1.4’ అని మొదటి లైను. తర్వాత ర్యామ్ 32 ఎంబీ, ఫ్లాష్ 4 ఎంబీ అని. మూడు రోజులుగా రాయిలా పడి ఉన్నది మాట్లాడింది. నిజం చెప్పాలంటే షాపులో గట్టిగా అరిచాను.

కానీ చదవగలుగుతున్నాను, టైపు చేస్తే వెళ్లడం లేదు. ఆర్‌ఎక్స్ అతుకు మళ్లీ సోల్డర్ చేశాను. తీగ మార్చాను. రెండు గంటలు పోయాయి. తప్పు తీగలో లేదు. నేను వాడింది లినక్స్‌లోని మినీకామ్. దాంట్లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ముందే ఆన్ చేసి ఉంటుంది. ‘పంపవచ్చు’ అని అవతలి నుంచి సంకేతం వచ్చే తీగ కోసం అది ఎదురుచూస్తోంది. మన కేబుల్‌లో ఆ తీగే లేదు. ఆ సెట్టింగ్ ఆఫ్ చేయగానే అక్షరాలు వెళ్లాయి. విండోస్‌లో పుట్టీ వాడేవాళ్లు కూడా ఫ్లో కంట్రోల్‌ను ‘నన్’ చేసుకోండి.

తర్వాతి చిక్కు సమయం. ‘ఒక సెకనులో ఆటోబూట్’ అని యూ-బూట్ చెబుతుంది. ఆ సెకనులోపు మూడక్షరాల మాట ఒకటి టైపు చేస్తేనే ఆగుతుంది. మాట ఏదో మోడల్‌ను బట్టి మారుతుంది, ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీవాళ్ల పేజీలో మీ మోడల్ కింద రాసి ఉంటుంది. ఎడమచేత్తో స్విచ్, కుడిచేత్తో కీబోర్డు. ఆరోసారికి పడింది. తెర మీద ప్రాంప్ట్ వచ్చి కర్సర్ మిణుకుమిణుకుమంటూ నిలబడింది.

ఇక ఫైలు ఎక్కించాలి. సీరియల్ తీగ మీదే పంపొచ్చు గానీ లెక్క వేసుకోండి. ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ కలిపి 10 బిట్లు. అంటే సెకనుకు 11,520 బైట్లు. 3,840 కేబీల ఫైలుకు దాదాపు 6 నిమిషాలు. అందుకని యూ-బూట్‌కు ఆదేశాలు సీరియల్‌లో ఇచ్చి, ఫైలును మాత్రం ఈథర్నెట్ కేబుల్ మీద టీఎఫ్‌టీపీ పద్ధతిలో పంపిస్తారు. కొన్ని సెకన్లలో అయిపోతుంది. ల్యాప్‌టాప్‌కు ఏ ఐపీ పెట్టాలో యూ-బూట్ సెట్టింగుల్లోనే ఉంటుంది. ఫైలు కదలకపోతే ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ కాసేపు ఆపి చూడండి, పదింట తొమ్మిదిసార్లు దొంగ అదే.

ఫైలు ముందు ర్యామ్‌లోకి వస్తుంది. ఎన్ని బైట్లు వచ్చాయో చూసి, ఫైలు సైజుతో సరిపోయాకే ఫ్లాష్‌ను చెరపాలి. ఇక్కడే చెయ్యి వణికేది. ఆ 4 ఎంబీ పంపకం ఇలా ఉంది: మొదట 128 కేబీ యూ-బూట్, తర్వాత 3,840 కేబీ అసలు సాఫ్ట్‌వేర్, ఆపై 64 కేబీ సెట్టింగులు, చివరి 64 కేబీ వైఫై క్యాలిబ్రేషన్. మనం చెరపాల్సింది రెండోదాన్నే. నా రూటర్‌లో దాని చిరునామా 9ఎఫ్020000తో మొదలవుతుంది. ఆ 2 బదులు 0 కొట్టామా, యూ-బూట్ పోతుంది, దాంతోపాటు అక్కడే దాచిన మ్యాక్ అడ్రస్ కూడా. అప్పుడు ఈ కేబుల్ పనికిరాదు, ఫ్లాష్ చిప్ కాళ్లకు క్లిప్ పెట్టి వేరే ప్రోగ్రామర్‌తో రాయాలి. చివరి 64 కేబీ ఇంకా విలువైనది. ఫ్యాక్టరీలో ఆ ఒక్క పరికరాన్ని కొలిచి రాసిన అంకెలవి. నెట్‌లో ఎక్కడా దొరకవు. అందుకే మీ రూటర్ బాగున్నప్పుడే మొత్తం ఫ్లాష్‌ను బ్యాకప్ తీసుకోండి.

ఎంటర్ కొట్టేముందు ఆ అంకెలను టీవీ షాపాయన చేత పైకి చదివించాను. ఆయనకు యూ-బూట్ అంటే తెలియదు, కానీ కాగితం మీదా తెర మీదా ఉన్నది ఒకటో కాదో చెప్పడానికి తెలియనక్కర్లేదు. చెరిపేటప్పుడు చుక్కలు చుక్కలుగా వరుస నడుస్తుంది. ఆ నిమిషంలో కరెంటు పోకూడదు. షాపులో ఇన్వర్టర్ ఉందో లేదో ముందే అడిగి పెట్టుకున్నాను. చెరపడం, రాయడం అయిపోయి బూట్ కొట్టాక లినక్స్ లైన్లు జలజలా పడ్డాయి. సాయంత్రం 6 దాటింది. రూటర్‌ను విప్పిన డబ్బాతోనే పట్టుకెళ్లి బావ టేబుల్ మీద పెట్టాను.

మీ రెజ్యూమె సంగతి

కొత్త బోర్డు ఏదైనా కంపెనీలోకి వచ్చిన మొదటి రోజు ఏం చేస్తారో తెలుసా? స్క్రీన్ లేదు, నెట్ లేదు, ఏ డ్రైవరూ పనిచేయదు. సీరియల్ తీగ పెట్టి మొదటి అక్షరం కోసం చూస్తారు. నేనిప్పుడు చేసే ఉద్యోగంలో నా బల్ల మీద అలాంటి కేబుళ్లు నాలుగున్నాయి. ‘బోర్డ్ బ్రింగప్’, ‘బీఎస్‌పీ’, ‘ఫర్మ్‌వేర్ టెస్టింగ్’ అని ఉద్యోగ ప్రకటనల్లో చూసి భయపడతాం గానీ ఆ పని మొదలయ్యేది ఈ మూడు తీగల దగ్గరే.

రూటర్ బతికిన వెంటనే నాకు ఆఫర్ లెటర్ వచ్చేసిందని చెప్పను. తర్వాత ఇంకో మూడు చోట్ల కాదన్నారు. ఒక చోటైతే కోడింగ్ రౌండ్‌లోనే పోయింది, దానికి కేబుల్ ఏమీ సాయపడదు, సీలో పాయింటర్లు వేరుగా నేర్చుకోవాల్సిందే. కానీ హార్డ్‌వేర్ ప్రశ్నల దగ్గర నా పరిస్థితి మారింది. రెజ్యూమెలో ‘ఎంబెడెడ్ సిస్టమ్స్‌పై అవగాహన ఉంది’ అనే లైను తీసేసి, ‘తప్పు ఫర్మ్‌వేర్‌తో ఆగిపోయిన 4 ఎంబీ ఫ్లాష్ రూటర్‌ను సొంతంగా కట్టిన సీరియల్ కేబుల్‌తో, యూ-బూట్ ద్వారా తిరిగి నడిపించాను’ అని రాశాను. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ లైను దగ్గరే ఆగేవాళ్లు. తప్పు ఎలా చేశావని అడిగేవాళ్లు. దాచకుండా చెప్పేవాణ్ని, ‘ఫోర్స్’ కొట్టిన సంగతితో సహా. ఒకాయన నవ్వి, తను ఎన్ని బోర్డులు కాల్చారో చెప్పుకొచ్చారు.

క్లాక్ తీగ ప్రశ్న మళ్లీ ఎదురైంది. ఈసారి కాగితం అడిగి గీశాను. లైన్ ఖాళీగా ఉంటే హై. స్టార్ట్ బిట్‌తో కిందికి పడుతుంది. ఆ పడిన క్షణాన్ని పట్టుకుని రిసీవర్ తన గడియారం మొదలుపెడుతుంది. 1,15,200 వేగంలో ఒక బిట్ నిడివి 8.68 మైక్రో సెకన్లు. ఒకటిన్నర బిట్ కాలం ఆగి చూస్తే మొదటి డేటా బిట్‌కు సరిగ్గా మధ్యలో ఉంటుంది, అక్కడి నుంచి ఒక్కో బిట్ కాలానికీ ఒకసారి. రెండువైపులా గడియారాలు కొంచెం తేడాగా ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే తర్వాతి స్టార్ట్ బిట్ దగ్గర మళ్లీ మొదటి నుంచి లెక్క. తేడా ఎక్కువైతే చివరి బిట్ల దగ్గర గురి తప్పి పిచ్చి గుర్తులు వస్తాయి. ఆ పిచ్చి గుర్తులు నేను చూశాను కాబట్టి ఈ వాక్యం బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

మీరు మొదలుపెడితే ఒక పని చేయండి. మొదటి రోజు నుంచీ ఫొటోలు తీసుకోండి, మూత తీయగానే ఒకటి, తీగలు కలిపాక ఒకటి. టెర్మినల్‌లో వచ్చే బూట్ లాగ్ మొత్తం ఫైలుగా సేవ్ చేసుకోండి. ఎక్కడ తప్పు చేశారో, ఎలా పట్టుకున్నారో ఒక పేజీ రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. నా పేజీలో ఫ్లో కంట్రోల్ గురించి రాసిన పేరా చదివి ఆ ప్రశ్నలే అడిగిన ప్యానెల్ ఒకటుంది. ఆ లాగ్‌లోని ప్రతి లైనుకూ అర్థం తెలుసుకోండి. ‘ఈ లైనేంటి?’ అని వేలు పెట్టి అడుగుతారు.

ఖర్చు? మాడ్యూల్ ఇప్పుడు 100, 200 రూపాయల మధ్య దొరుకుతుంది. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ కాలేజీ ల్యాబ్‌లో ఉంటాయి, అడగండి. పాత రూటర్ చుట్టాలిళ్లలో అటక మీద ఒకటైనా ఉంటుంది. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవాటికి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ కొత్త వెర్షన్లు సరిపోవు, పాతవి ఇంట్లో రోజూ వాడటానికి మంచివి కావు. నేర్చుకోవడానికి మాత్రం అవే బాగుంటాయి, పోయినా ఎవరూ ఏడవరు.

బావ ఆ రూటర్‌ను తర్వాత రెండేళ్లు వాడాడు. పక్కన గాలి కోసం ఉన్న సందులోంచి నేను సోల్డర్ చేసిన నాలుగు పిన్నులు బయటికే వదిలేశాను, మళ్లీ విప్పే పని లేకుండా. దాని మీద బావ తెల్ల టేపు అంటించి పెన్నుతో ఏదో రాశాడు. దగ్గరికెళ్లి చదివితే, ‘బామ్మర్ది తప్ప ఎవరూ ముట్టుకోరాదు’ అని ఉంది.